గిన్నె మీద ఎవరి పేరు?

పోయిన ఆగస్టు 29న గాజువాక దగ్గర ఒక కమ్యూనిటీ హాల్లో తెలుగు భాషా దినోత్సవం చేశారు. గిడుగు రామ్మూర్తి గారి పుట్టినరోజు కదా. వక్తల్లో నేనూ ఒకదాన్ని. సాహిత్యంలో డాక్టరేట్ ఉందని చెప్పి మరీ వేదిక మీదికి పిలిచారు. నాకంటే ముందు ఒక పెద్దాయన వ్యావహారిక భాషోద్యమ ప్రాసంగికత గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. తర్వాత నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. ‘భాషాధిపత్య రాజకీయాలు’, ‘స్త్రీవాద వ్యక్తీకరణ’ లాంటి మాటలు కనీసం పదిసార్లు వాడి ఉంటాను. అందరూ చప్పట్లు కొట్టారు. సభ అయిపోయాక కుర్చీలు సర్దుతున్న ఒకావిడ నాకు టీ గ్లాసు అందిస్తూ అడిగింది.

“ఇంతసేపూ ఆయన పేరే సెప్పినారు గదా. ఇంతకీ ఆ గిడుగోరు ఏటి సేసినారమ్మా?”

“మనం మాట్లాడుకునే మాటల్లోనే పుస్తకాలు రాయాలని కొట్లాడేరమ్మా” అన్నాను.

ఆవిడ కుర్చీ మీద కుర్చీ పెడుతూ, “మరి మీరెవులూ అలా మాటాడ్లేదేటి?” అంది.

ఎగతాళిగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క ప్రశ్న నా సిద్ధాంత గ్రంథం మొత్తం మీద నాకు అనుమానం పుట్టించింది. స్త్రీవాద కవిత్వం మీద అయిదేళ్ళు పనిచేశాను. అందులో ఆడవాళ్ళ మాటల గురించి రాశాను, వంటింటి భాష గురించి రాశాను. కానీ ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న మా అమ్మ ఆ పుస్తకంలో కృతజ్ఞతల పేజీ ఒక్కటే చదవగలిగింది.

ఈ ప్రశ్న ఈ నేల మీద వచ్చిందన్న సంగతి కూడా నన్ను వదల్లేదు. వాడుక భాష ఉద్యమం మొదలైంది ఇక్కడే, ఉత్తరాంధ్రలోనే. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు, విజయనగరంలో గురజాడ అప్పారావు, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషాయన, ఈ నలుగురూ కలిసి కదిపిన తీగ అది. బళ్ళో పిల్లలు ఇంట్లో ఒక తెలుగు మాట్లాడి పరీక్షలో ఇంకో తెలుగు రాయాల్సి రావడం అన్యాయం అన్నది వాళ్ళ వాదం. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చాడు. అప్పుడు ఓడిపోయినట్టు కనిపించిన ఆ పక్షమే తర్వాత గెలిచింది. ఈ రోజు మనం చదివే పత్రికలన్నీ ఆ గెలుపు ఫలితాలే.

అయితే గెలిచిందెవరి వాడుక? వాళ్ళు అడిగింది శిష్టుల వ్యావహారికం. అంటే చదువుకున్న పెద్దమనుషులు నలుగురిలో మాట్లాడే తెలుగు. గిడుగుని తప్పు పట్టడానికి నేనీ మాట అనడం లేదు. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించిన మనిషి ఆయన. కానీ ఉద్యమం సాధించిన వ్యావహారికం కాలక్రమంలో ఇంకో గ్రాంథికమైపోయింది. అది కోస్తా మధ్య జిల్లాల చదువుకున్న కుటుంబాల భాష. గిడుగూ గురజాడా తిరిగిన ఊళ్ళ యాస మాత్రం సినిమాల్లో నవ్వించడానికీ, పనివాళ్ళ పాత్రలకీ మిగిలింది. ఇక ఆ ఊళ్ళలో ఆడవాళ్ళ మాట సంగతి ఎవరికీ పట్టనే లేదు.

కుర్చీలు సర్దిన ఆవిడే నన్ను వాళ్ళ పొదుపు సంఘానికి తీసికెళ్ళింది. స్టీల్ ప్లాంటుకి భూములు పోయిన ఊళ్ళవాళ్ళు వచ్చి చేరిన కాలనీ అది. పదిహేను మంది దాకా ఆడవాళ్ళు. కొందరు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తారు. కొందరు ఉక్కునగరం క్వార్టర్సులో వంటపనీ, గిన్నెల పనీ చేస్తారు. ఇద్దరు కుట్టుమిషను పెట్టుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం పాసుపుస్తకాల లెక్క అయ్యాక ఒక గంట నాకిచ్చారు. నేను కవితలు చదవాలి, వాళ్ళు వినాలి. అర్థం కాకపోతే ఆపాలి. మొదటి వారం నన్ను ‘మేడమ్’ అన్నారు. మూడో వారానికి ‘పాపా’ అన్నారు. అలా నాలుగైదు ఆదివారాలు గడిచాయి. అక్కడ నేను తెలుసుకున్నదే ఈ వ్యాసం.

మొదట గురజాడ ‘పూర్ణమ్మ’ చదివాను. కాసులకి ఆశపడి కన్నవాళ్ళు ముసలివాడికి ముడిపెట్టిన పిల్ల, అత్తారింటికి వెళ్ళాల్సిన సమయంలో కోనేట్లో కలిసిపోయిన పిల్ల. అది నూటికి నూరుపాళ్ళు మాట్లాడే భాష కాదు. క్రియలు కొన్ని పాత పద్యాల తీరులోనే ఉంటాయి. అయినా ఎవరూ నన్ను ఆపలేదు. పువ్వులూ, పక్షులూ, అన్నదమ్ములూ, గుడీ, చెరువూ అన్నీ వాళ్ళకి తెలిసినవే. పాటలా సాగే నడక వల్ల పాత రూపాలు కూడా కాలికి అడ్డం పడలేదు. చివరికొచ్చేసరికి ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ‘సరళమైన భాష వల్ల కవిత్వం సామాన్యులకి చేరుతుంది’ అని నా థీసిస్‌లో రాసిన వాక్యం రుజువైందనుకుని సంబరపడ్డాను.

అప్పుడు వెనకనుంచి ఒకామె అంది. “అంతా బాగుంది గాని, ఆ పిల్ల పోతాపోతా అన్నదమ్ములకి అంత పేమగా సెప్పుకోడమేటి? ఈ పెళ్ళొద్దని ఆళ్ళలో ఒక్కడైనా అన్నాడా?”

ఇంకొకామె అందుకుంది. “అప్పుడు పిల్లకి డబ్బిచ్చి సేసుకునేవోరా? ఇప్పుడు మనవే ఇచ్చి పంపుతున్నాం. ఏదైనా పోయేది పిల్లే.”

కన్యాశుల్కం పోయి కట్నం వచ్చిన వందేళ్ళ చరిత్రని ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది. నేను చదివిన విమర్శలో పూర్ణమ్మ మీద జాలి చాలా ఉంది. ఆ అన్నదమ్ముల్ని నిలదీసిన మాట నాకెక్కడా కనబడలేదు. గురజాడని వాళ్ళు తక్కువ చేయలేదు. ఆయన చెప్పింది పూర్తిగా అర్థమైంది కాబట్టే ఆయనతో పేచీ పెట్టుకున్నారు.

రెండో వారం శ్రీశ్రీ. 1910లో ఈ ఊళ్ళోనే పుట్టినవాడు, బీచ్ రోడ్డులో విగ్రహమై నిలబడ్డవాడు. ముప్ఫైలలో రాసిన కవితలు 1950లో ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చాయి. శ్రామికుల కవి అని మనం చెప్పుకునే ఆయన భాషలో చాలా చోట్ల పెద్ద పెద్ద సంస్కృత సమాసాలు ఉంటాయి. ఆ సమాసాలు వాళ్ళకి తెలియవు. కానీ చదువుతుంటే కాళ్ళు లయ వేశాయి. ఒకామె, “ఇది మా ఆయన యూనియన్ మీటింగుల్లో ఇన్నాను” అంది. దీన్నిబట్టి తేలిక మాట ఒక్కటే కవిత్వాన్ని జనం దగ్గరికి తీసికెళ్తుందన్న మన లెక్క సరి చూసుకోవాలి. నడక కూడా తీసికెళ్తుంది. లయ చెవిలో పడితే అర్థం వెనకనుంచి నెమ్మదిగా వచ్చినా ఫరవాలేదు. ఇది శ్రీశ్రీకి తెలుసు, గురజాడకీ తెలుసు.

కానీ ఒక తేడా గమనించాను. శ్రీశ్రీని విన్నాక ఎవరూ ఏమీ అడగలేదు. తలలూపారు. ఎవరో “గొప్పగా ఉంది” అన్నారు. గుళ్ళో మంత్రం విన్నాక కూడా మనం అలాగే అంటాం. పూర్ణమ్మ దగ్గర పుట్టిన పేచీ ఇక్కడ పుట్టలేదు. శ్రీశ్రీ పిలుపుకి వెంట నడవొచ్చు, ఎదురు చెప్పడానికి మాత్రం వాళ్ళ చేతిలో మాట లేదు.

నాకు అప్పుడు తట్టింది. కవిత్వం సామాన్యులకి అందుబాటులో ఉండాలి అన్నప్పుడు మనం అందడం గురించే ఆలోచిస్తున్నాం. పైనున్నవాళ్ళు కిందికి అందిస్తారు, కిందున్నవాళ్ళు చేతులు చాపి అందుకుంటారు. అది దానం చేసేవాళ్ళ లెక్క. వాడుక మాట చేసే అసలు పని ఇంకోటి ఉంది. విన్న మనిషికి అది బదులు చెప్పే హక్కు ఇస్తుంది. కవి నా మాటలతో మాట్లాడితే నేను అదే మాటలతో “కాదు” అనగలను. అర్థమైందా అని అడిగితే చాలదు, కాదనగలిగిందా అని కూడా అడగాలి.

మూడో వారం సావిత్రి ‘బందిపోట్లు’ చదివాను. 1984లో వచ్చిన చిన్న కవిత. తెలుగులో స్త్రీవాద కవిత్వం ఎక్కడ మొదలైందని ఎవరడిగినా ముందు గుర్తొచ్చే కవిత. పాఠం రాకపోతే పెళ్ళి చేసేస్తానని పంతులు పిల్లని బెదిరిస్తాడు. ఆఫీసులో సెలవివ్వని పై అధికారిని అన్నయ్య మొగుడంటాడు. మగవాణ్ణి చూసి లోకం మగమహారాజంటుంది. ఈ మాటలన్నీ రోజూ మన ఇళ్ళలో తిరిగేవే. నా వైవాలో ఒక పెద్ద ఆచార్యులు, “ఇందులో అలంకారమేదమ్మా? ఇది కవిత్వమా, వార్తా?” అని అడిగారు. అప్పుడు నేను పాశ్చాత్య సిద్ధాంతకర్తల పేర్లు చెప్పి బయటపడ్డాను. ఇప్పుడైతే వేరే జవాబు చెప్తాను.

అలంకారం కవితలో లేదు, మన వాడుకలోనే ఉంది. పై అధికారిని మొగుడు అనడమే ఒక రూపకం. ఆ మాట వేసినవాళ్ళకి తెలియకుండానే అందులో ఒక నిజం దాక్కుంది. కాల్చుకు తినేవాడికి తెలుగులో ఇంకో పేరు మొగుడు. ఆ మాట అరిగి అరిగి దాన్లో నిజం ఎవరికీ వినబడకుండా పోయింది. సావిత్రి చేసిందల్లా పంతులు మాటనీ, అన్న మాటనీ, లోకం మాటనీ పక్కపక్కన పెట్టడం. అంతే, అవి తమ మీద తామే సాక్ష్యం చెప్పాయి. కొత్త మాట పుట్టించడం కంటే, రోజూ వాడే మాట మొదటిసారి విన్నట్టు వినిపించడం కష్టమైన విద్య. తేలిక మాటతో కవిత్వం పలచబడుతుందనే వాళ్ళు ఈ కష్టాన్ని చూడరు.

సంఘంలో ఈ కవిత చదివితే పంతులు మాట దగ్గరే నవ్వులు మొదలయ్యాయి. మొగుడు మాటకి పగలబడి నవ్వారు. చివర్లో ఒక పెద్ద సంస్కృత సమాసం పడుతుంది. అక్కడ నవ్వు ఆగిపోయింది. “అదేటి పాపా?” అన్నారు. విప్పి చెప్పాను. “మరంతవరకూ మన మాటే సెప్పి, ఆకర్న పంతులమ్మైపోనాదేటి?” అందొకామె. ఇన్నేళ్ళుగా ఈ కవిత మీద రాస్తున్నవాళ్ళం, నాతో సహా, ఆ చివరి సమాసాన్ని కవిత శిఖరంగానే చెప్పాం. వాళ్ళకది కవిత చెయ్యి జారిన చోటు. నేను వాళ్ళతో పూర్తిగా ఏకీభవించను. 1984లో ఒక ఆడపిల్ల తీర్పు చెప్పాలంటే, తీర్పులు చెప్పే మగవాళ్ళ భాష తీసుకోక తప్పలేదేమో. వాళ్ళ ఆయుధమే వాళ్ళ మీదికి తిప్పిందేమో. కానీ ఆ నవ్వు ఆగిన చోటుని ఇక మీద గుర్తు పెట్టుకుని చదువుతాను.

అయినా అసలు మాట అన్నది వేరొకామె. ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తుంది. “ఆపీసులో మొగుడు సెలవీకపోతే అడగడానికి యూనియనుంది. ఇంట్లో మొగుడికి యూనియనేదీ?” కవిత ఎక్కడ ఆగిందో అక్కడినుంచి ఆమె ఒక అడుగు ముందుకేసింది.

ఆ కాలంలో స్త్రీవాద కవులు తెచ్చిన వాడుక మాటలన్నీ ఒక రకం కాదు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ కవితల పేర్లే చూడండి. ఇవి ఇంగ్లీషు మాటలు. కానీ ఏ ఆడమనిషీ ‘ప్రసూతి గది’ అనదు, ‘గర్భస్రావం’ అనదు. ఆస్పత్రిలో మనకి తగిలే మాటలు అవే, నొప్పిని గుర్తు పెట్టుకునేది ఆ మాటల్లోనే. అచ్చ తెలుగు వేరు, వాడుక తెలుగు వేరు అని ఈ పేర్లు తేల్చేశాయి. శరీరం గురించిన మామూలు మాటలు కవిత్వంలోకి వచ్చేసరికి మర్యాదస్తులకి కంపరం పుట్టి ‘నీలి కవిత్వం’ అని ముద్ర వేశారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో స్త్రీవాద కవితల సంకలనం వస్తే దాని పేరు ‘నీలి మేఘాలు’ అయింది. తిట్టుని ఎత్తి తలపాగా చుట్టుకోవడం అంటే అదే. శరీరాన్ని సంస్కృతంలో వర్ణిస్తే శృంగారం, తెలుగులో చెప్తే బూతు అనే న్యాయం ప్రబంధాల కాలం నుంచీ ఉంది. అంటే అభ్యంతరం శరీరం మీద కాదు, ఆ మాట పలుకుతున్న నోటి మీద.

నాలుగో వారం విమల ‘వంటిల్లు’ చదివాను. విమల కవితా సంపుటి ‘అడవి ఉప్పొంగిన రాత్రి’ 1990లో వచ్చింది. వంటింటి వాసనలతో పెరిగిన కూతురు అమ్మ వంటింటిని తలచుకునే కవిత ఇది. అమ్మ ఆ గదికి రాణి, కానీ గిన్నెల మీద పేరు మాత్రం నాన్నది. ఈ సంగతి దగ్గరికి రాగానే ఒకామె “ఆగు పాపా” అని లేచి లోపలికెళ్ళింది. ఒక స్టీలు గిన్నె తెచ్చి తిప్పి చూసింది. మొగుడి పేరు. పక్కింటామె గ్లాసు మీద మావగారి పేరు. ఇంకొకరి బిందె మీద తమ్ముడి పేరు, సారె పెట్టినప్పుడు కొట్టించినది. పదిహేను మందిలో సొంత పేరున్న గిన్నె ఒక్కటి, చీటీ పాట డబ్బులతో కొన్నది. ఉక్కు ఊరు ఇది. మన ప్లాంటులో గిన్నెల స్టీలు తయారవదు, ఇళ్ళ స్లాబుల్లో వేసే కడ్డీలు తయారవుతాయి. ఆ ఇళ్ళ పట్టాల మీద పేర్ల సంగతి నేను అడగలేదు. అడక్కుండానే వాళ్ళే మాట్లాడుకున్నారు.

ఆ రోజు ఒక్క వాక్యం కూడా వాళ్ళకి నోటికి రాలేదు. వచన కవిత అంత తేలిగ్గా నోటికి రాదు. కానీ పై వారానికి ‘గిన్నె మీద పేరు’ కాలనీ అంతా తిరిగింది. రానివాళ్ళకి వచ్చినవాళ్ళు తమ మాటల్లో చెప్పుకున్నారు. పాట అయితే పదాలతో సహా ప్రయాణం చేస్తుంది. వచన కవితలో చూపు ఒక్కటే ప్రయాణం చేస్తుంది. చూపు మన ఇంటి సామాన్లలో దొరికేదైతే అదీ తక్కువ దూరం పోదు.

ఇక్కడా పేచీ వచ్చింది. కవిత చివర, మన ఆడపిల్లలకైనా ఈ ఒంటరి వంటగదులు లేకుండా చేద్దాం, వీటిని కూలగొడదాం రమ్మని పిలుపు ఉంటుంది. క్వార్టర్సులో వంట చేసే ఆమె నెమ్మదిగా అంది. “మాకున్నదే ఒక గది. అందులోనే పొయ్యి, అందులోనే పక్క. నాను రోజూ మూడు వంటిళ్ళలో వండుతాను, అందులో ఒక్కటీ నాది కాదు. ముందు నాకొకటి కట్టనీ పాపా, తరవాత కూలగొడదాం.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే ఈ మాట మనం అచ్చులో ఇదివరకే చదివాం, చదివి కొంత ఇబ్బంది కూడా పడ్డాం. జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ అని రాస్తే, జూపాక సుభద్ర ‘కొంగు’ అని రాసింది. ఒకరికి సిగ్గుని మోయించే గుడ్డ, ఇంకొకరికి చెమట తుడుచుకునే, మూట కట్టుకునే, పనిలో తోడుండే గుడ్డ. చీరలో అదే ముక్క, మాటలు రెండు. రెండూ వాడుక మాటలే. దళిత స్త్రీలు తమ తెలంగాణ తెలుగులో బదులు చెప్పేదాకా ‘పైట’ అందరి మాటా అనుకున్నాం. వాడుక భాష అని ఏకవచనంలో అనేటప్పుడు ఎవరి వాడుక అని అడక్కపోతే మనం కూడా గిడుగు కాలపు శిష్టుల్లాగే మిగిలిపోతాం. సుభద్ర జవాబు స్త్రీవాద కవిత్వం ఓడిపోయిందనడానికి గుర్తు కాదు. జయప్రభ అంత సూటిగా చెప్పింది కాబట్టే అంత సూటిగా జవాబు వచ్చింది. సమాసాల చాటున రాసి ఉంటే ఆ సంభాషణే జరిగేది కాదు.

అయిదో వారం నేను ఏమీ చదవలేదు. మీరే చెప్పండన్నాను. ఒకామె వంగపండు పాట ఎత్తుకుంది. వంగపండు ప్రసాదరావు పార్వతీపురం వైపు మనిషి, విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేసినవాడు, 1970లలో జననాట్యమండలిని నిలబెట్టినవాళ్ళలో ఒకడు. 2020 ఆగస్టులో చనిపోయేదాకా శ్రీకాకుళం మాటలోనే పాడాడు. యంత్రాన్ని నడిపేది ఎవరో అడిగే ఆయన పాట ఈ ఊరి కార్మికులకి కొత్త కాదు. ఆమె రెండు చరణాలు పాడాక మూడోది మర్చిపోయి తన మాటలు వేసేసింది. యంత్రం బదులు గ్రైండరు వచ్చింది, కుట్టుమిషను వచ్చింది. మిగతావాళ్ళు ఎవరి పనిముట్టు వాళ్ళు అందించారు. పాట చెడిపోయిందని ఎవరికీ అనిపించలేదు. మన అమ్మమ్మల రోకటి పాటలూ, ఊయల పాటలూ అలా మారుతూనే మనదాకా వచ్చాయి. వాటి మీద ఏ పేరూ లేదు. గిన్నె మీదా లేదు, పాట మీదా లేదు. జానపదం అని పేరు పెట్టి పక్కన పెట్టిన దాంట్లో ఎంత భాగం ఆడవాళ్ళ కవిత్వమో ఎవరు లెక్క తీస్తారు?

ఆ మధ్యాహ్నమే మాట ప్లాంటు మీదికి వెళ్ళింది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’. 1966లో పుట్టిన నినాదం, ఆ ఏడు నవంబరు ఒకటిన ఈ ఊళ్ళో జరిగిన కాల్పుల్లో నెత్తురు చూసిన నినాదం. 2021 జనవరిలో ప్లాంటుని అమ్మేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించాక మళ్ళీ రోడ్డెక్కింది. నాలుగు మాటలు, ఒక ప్రాస. ఉక్కు మన నేల మాట, హక్కు అరబ్బీ నుంచి వచ్చి మనదైన మాట. మాట ఎక్కడ పుట్టిందన్న పట్టింపు లేకుండా జనం రెంటినీ అతికేశారు. తెలుగులో ఇంతకన్నా ఎక్కువమంది నోట పలికిన పంక్తి ఉందో లేదో నాకు అనుమానమే. ఈ ఆడవాళ్ళు కూడా ఆ ఊరేగింపుల్లో నడిచినవాళ్ళే, ఆ నినాదం ఇచ్చినవాళ్ళే. అయినా మా అందరిలో పెద్దామె అంది.

“ఉక్కన్నారు, హక్కన్నారు. మాయూరి పేరు ఎవులూ అన్లేదు.”

ప్లాంటు కింద ఊళ్ళకి ఊళ్ళే పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసినప్పుడు ఆమె చిన్నపిల్ల. ఆ రోజు అందరూ కేకలేస్తుంటే తనూ వేసిందట. ఆమె అన్నమాట నినాదానికి వ్యతిరేకం కాదు. ప్లాంటు అమ్మొద్దనే ఆమె కూడా అంటుంది. నినాదంలో తనకి చోటు కావాలంటుంది. ఆ చోటు అడగడానికి ఆమెకి నినాదం మాటలే పనికొచ్చాయి. నేనిప్పటిదాకా చెప్పాలనుకున్నదంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది.

తేలిక భాష మనుషుల్ని మేల్కొలుపుతుందని ఊరికే అనడం లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల్లో ఒక పాఠం ఉండేది. తాగుబోతు మొగుడి వల్ల ప్రాణం తీసుకున్న సీతమ్మ కథ. చిన్న చిన్న మాటలు, పెద్ద అక్షరాలు. దూబగుంట ఆడవాళ్ళు అది చదివి ఊరుకోలేదు, సీతమ్మ ఎందుకు చచ్చిపోవాలని అడిగారు. ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ ప్రశ్న రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చేదాకా వెళ్ళింది. తర్వాత ఆ నిషేధం ఏమైందో మనకి తెలుసు. కానీ ఒక వాచకంలో పాఠం అంత దూరం వెళ్ళింది. అది కేవలం అర్థమవడం వల్ల వెళ్ళలేదు, చదివినవాళ్ళు ఆ కథ ముగింపుని ఒప్పుకోకపోవడం వల్ల వెళ్ళింది.

అందుకే మన పత్రికల్లో రాసేవాళ్ళందరికీ, ముందుగా నాకు నేను, ఒకటి చెప్పుకుంటున్నాను. సరళంగా రాయడం పాఠకుల మీద దయ చూపించడం కాదు. ఎదురు దెబ్బకి సిద్ధపడటం. కష్టమైన భాషలో రాసినప్పుడు మన తప్పు పట్టుకోగలిగేవాళ్ళు పదిమందే ఉంటారు, వాళ్ళూ మనవాళ్ళే. అందరి మాటల్లో రాస్తే అందరికీ దొరికిపోతాం. పూర్ణమ్మ అన్నదమ్ములు దొరికిపోయినట్టు, సావిత్రి చివరి సమాసం దొరికిపోయినట్టు. దొరికిపోవడానికి భయపడే మనం కొన్నిసార్లు పెద్ద మాటల వెనక నిలబడుతున్నామేమో చూసుకోవాలి. అన్ని పెద్ద మాటలూ వదిలేయమని కాదు. కొన్ని ఆలోచనలకి కొత్త మాటలు కావాలి. ఆ మాటని గుమ్మం దగ్గరే వదిలేయకుండా లోపలికి తెచ్చి, నలుగురి మధ్యా కూర్చోబెట్టే బాధ్యత మనది.

ఈ వ్యాసం ఇక్కడిదాకా రాసి మొన్న ఆదివారం సంఘంలో చదివాను. ఎనిమిది చోట్ల ఆపారు. అయిదు చోట్ల మార్చాను. మూడు చోట్ల వాదించి ఉంచుకున్నాను. ‘పితృస్వామ్యం’ అనే మాట మాత్రం పూర్తిగా తీసేశాను. “మగోల పెత్తనం అంటే సరిపోద్ది గదా” అన్నారు. సరిపోలేదనిపించింది. ఆ మాటలో ఆస్తి ఉంది, ఇంటిపేరు ఉంది, చట్టం ఉంది, పెత్తనం అంటే అవన్నీ రావు అన్నాను.

“అయితే గిన్నె మీద పేరు అను” అందొకామె.